జిల్లాకి వచ్చే మానసిక ఆరోగ్య నిధులు రోగి దాకా చేరుతున్నాయా? మామూలు జనం తేల్చుకునే దారి

ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్న ఒక తెలుగు యువజన సంఘం వాళ్లు అడిగిన ప్రశ్న ఇది: "మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం జిల్లాకి ఏటా లక్షలు ఇస్తుందని విన్నాం. మా వీధిలో ఇద్దరు ముగ్గురు మాత్రం ఇప్పటికీ మందుల కోసం విశాఖ వెళ్లొస్తున్నారు. ఈ డబ్బు సరిగ్గా ఖర్చవుతోందో లేదో మాలాంటి వాళ్లు ఎలా తెలుసుకోవాలి? దానికి ఆడిటర్ చదువు కావాలా?"

ఆడిటర్ చదువు అక్కర్లేదండి. నాది బరంపురం. దక్షిణ ఒడిశాలో ఆరోగ్య పథకాల జమాఖర్చులు చూసే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఆ అనుభవంతో ముందుగా ఒక్క మాట చెబుతాను. "ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది" అని మొదలుపెట్టకండి. అలా అడిగితే మీ చేతికి ఒక శాతం ఇస్తారు. 92 శాతం ఖర్చయిందనో, 48 శాతమే ఖర్చయిందనో. ఆ రెండు అంకెల్లో ఏది వచ్చినా మీ వీధిలో వాళ్లు విశాఖ ఎందుకు వెళ్తున్నారో తెలియదు. అడగాల్సింది వేరే ఉంది: ఏప్రిల్‌లో వైద్యం మొదలుపెట్టిన మనిషికి అక్టోబరులో కూడా అదే చోట, ఉచితంగా, ఖాళీ లేకుండా మందు అందుతోందా? మిగతా లెక్కలన్నీ ఈ ప్రశ్న వెనకాలే రావాలి.

సరే, డబ్బు ఏ దారిన వస్తుందో క్లుప్తంగా చూద్దాం. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. అంతా పెద్ద మానసిక ఆసుపత్రుల్లోనే ఉండిపోతే పల్లె జనానికి వైద్యం అందదని, బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) వాళ్లు చేసిన ప్రయోగం చూసి, 1996లో నాలుగు జిల్లాలతో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టారు. దాన్నే ఆఫీసుల్లో డీఎంహెచ్‌పీ అంటారు. ఇప్పుడది దేశంలో 767 జిల్లాలకి మంజూరై ఉంది. ఒక సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సులు, కేసుల రికార్డు చూసే మనిషి, జిల్లా స్థాయిలో పది పడకలు, బ్లాకు ఆసుపత్రులకి వెళ్లి ఓపీ చూడటం, బడుల్లో కాలేజీల్లో కౌన్సెలింగ్, ఆత్మహత్యల నివారణ. కాగితం మీద ఉన్నది ఇదీ.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. కేంద్ర బడ్జెట్ వచ్చినప్పుడు "మానసిక ఆరోగ్యానికి ఇన్ని కోట్లు" అని పేపర్లో వస్తుంది కదా, మీ జిల్లా డబ్బు అందులో ఉండదు. 2023-24 బడ్జెట్ తీసుకోండి. 919 కోట్లు అన్నారు. అందులో 721 కోట్లు బెంగళూరు నిమ్హాన్స్‌కి, 64 కోట్లు అస్సాంలోని తేజ్‌పూర్ సంస్థకి, 134 కోట్లు మానసిక బాధలో ఉన్నవాళ్లతో మాట్లాడే టెలి మానస్ ఫోన్ సర్వీసుకి. అంతే, అయిపోయింది. మొత్తం కేంద్ర ఆరోగ్య బడ్జెట్లో ఇది సుమారు ఒక శాతం. జిల్లా కార్యక్రమం డబ్బు నేషనల్ హెల్త్ మిషన్‌లో, బీపీ, షుగర్, క్యాన్సర్ లాంటి అంటుకోని జబ్బుల ఖాతాలో కలిసి వస్తుంది. కేంద్రం 60, రాష్ట్రం 40. అంచేత పేపర్లో అంకె పెరిగిందని మీ జిల్లాకి పెరిగిందనుకోవద్దు, తగ్గిందని తగ్గిందనుకోవద్దు. మీకు పనికొచ్చే కాగితం నేషనల్ హెల్త్ మిషన్ వెబ్‌సైట్లో రాష్ట్రాలవారీగా పెట్టే మంజూరు పత్రం. రికార్డ్ ఆఫ్ ప్రొసీడింగ్స్ అంటారు దాన్ని. ఒడిశాది తెరిచి అంటుకోని జబ్బుల పద్దులో మానసిక ఆరోగ్యం వరస వెతకండి. వందల పేజీలుంటాయి, విసుగొస్తుంది. కానీ అది పబ్లిక్‌గా ఉంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ఇప్పుడు ఒక మోటు లెక్క. మార్గదర్శకాల ప్రకారం ఒక జిల్లాకి ఏడాదికి గరిష్ఠంగా 83.2 లక్షల దాకా ఇవ్వొచ్చు. ఇది పైహద్దు మాత్రమే. నిజంగా మంజూరయ్యేది రాష్ట్రం అడిగినదాన్ని బట్టి, పోయినేడు ఖర్చుని బట్టి మారుతుంది. 2011 జనాభా లెక్కల్లో గజపతి జిల్లా జనాభా 5.78 లక్షలు. పైహద్దు మొత్తం వచ్చిందనుకున్నా తలకి ఏడాదికి 14 రూపాయల చిల్లర. పక్కనే ఉన్న గంజాం జనాభా అదే లెక్కల్లో 35 లక్షలు దాటింది. అదే పైహద్దు అక్కడ తలకి రెండున్నర రూపాయలు కూడా కాదు. చిన్న జిల్లాకీ పెద్ద జిల్లాకీ ఒకే గీత గీస్తే ఇలాగే ఉంటుంది. గజపతి వాళ్లు ఒక రకంగా అదృష్టవంతులే, కాగితం మీద.

ఇంకొంచెం ముందుకెళ్దాం. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తీవ్రమైన మానసిక జబ్బులు పెద్దవాళ్లలో నూటికి 0.8 దాకా కనిపించాయి. గజపతిలో పెద్దవాళ్లు ఓ మూడున్నర లక్షలనుకుంటే 2,800 మంది. 83.2 లక్షల్ని వీళ్లకే పంచినా మనిషికి ఏడాదికి మూడు వేల లోపు. జీతాలు, బండి, శిక్షణలు అందులోనే. ఆందోళన, డిప్రెషన్, తాగుడు లాంటివి ఇంకా లెక్కలోకే రాలేదు. ఇదంతా నిరాశ పెట్టడానికి చెప్పడం లేదు. జిల్లా వాళ్లని ఏం అడగొచ్చో, ఏం అడగడం అన్యాయమో తెలుసుకోడానికి ఇలాంటి కొలత ఒకటి చేతిలో ఉండాలి. అన్నట్టు ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఒడిశా లేదు, మహారాష్ట్ర లేదు, ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు. ఈ నాలుగు రాష్ట్రాల లెక్కలూ వేరే రాష్ట్రాల అంకెలు అరువు తెచ్చుకుని వేసినవే. జిల్లా అధికారులు "మా దగ్గర ఇంతమంది రోగులున్నారు" అని గట్టిగా చెబితే, అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి.

ఖర్చు శాతం నమ్మొద్దని ఎందుకన్నానో చెబుతాను. సైకియాట్రిస్టు పోస్టు ఖాళీగా ఉంటే ఆయన జీతం డబ్బు మిగిలిపోతుంది. మారుమూల జిల్లాల్లో ఈ పోస్టు నిండటమే కష్టం, నిండినా కాంట్రాక్టు ఉద్యోగం, మంచి అవకాశం రాగానే వెళ్లిపోతారు. అప్పుడు ఖర్చు శాతం తక్కువ కనిపిస్తుంది. ఫిబ్రవరి వచ్చేసరికి పైనుంచి "ఖర్చు చెయ్యండి, లేకపోతే వచ్చే ఏడు తగ్గిపోతుంది" అని ఒత్తిడి. మార్చిలోపు గోడ రాతలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఒకరోజు శిక్షణలు, భోజనాల బిల్లులు. శాతం ఎగబాకుతుంది. రోగికి ఒక్క మాత్ర కూడా అదనంగా అందదు. ఇంకో చిత్రం ఉంది. జిల్లా నుంచి బ్లాకు ఆసుపత్రికి అడ్వాన్సు ఇచ్చి, అక్కడ ఖర్చు కాకముందే దాన్ని ఖర్చు కింద చూపించడం. నేను చూసిన చోట్ల ఇది తరచూ జరిగేది, దొంగతనం అనలేం, తొందర. కానీ మీ లెక్క మాత్రం తప్పుతుంది. అందుకే జీతాలు, మందులు, ప్రయాణాలు, ప్రచారం, శిక్షణ, ఈ ఐదు పద్దుల్నీ విడివిడిగా, నెలవారీగా సమాచార హక్కు దరఖాస్తుతో అడగండి (అదెలాగో చివర్లో చెబుతాను). ఏడాది మొత్తం ఒకే అంకెగా ఇస్తే తీసుకోవద్దు. నెలవారీ కాగితంలో మార్చి వరస ఒక్కటి చూస్తే చాలు, సగం కథ తెలిసిపోతుంది.

అసలు విషయం మందుల స్టాక్ రిజిస్టరు. నన్నడిగితే డబ్బు కాగితాలన్నీ పక్కనపెట్టి దీంతోనే మొదలుపెట్టమంటాను. దీనిలో రోగుల పేర్లుండవు, కాబట్టి ఎవరి పరువూ పోదు, ఇవ్వకపోవడానికి ఆఫీసుకి సాకూ ఉండదు. మానసిక జబ్బులకి వాడే ఐదు మందులు ఎంచుకోండి. రిస్పెరిడోన్, ఓలాంజపిన్, ఫ్లూఒక్సెటిన్, సోడియం వాల్‌ప్రోయేట్, లిథియం. ఒక్కోదానికి ఒక్కో పేజీ ఉంటుంది: తేదీ, వచ్చింది, ఇచ్చింది, నిల్వ.

ఒక పేజీ ఇలా ఉందనుకోండి. ఏప్రిల్ 4న రిస్పెరిడోన్ రెండు మిల్లీగ్రాముల మాత్రలు 3,000 వచ్చాయి. మే ఆఖరుకి నిల్వ 240. జూన్ 9న సున్నా. మళ్లీ జూలై 22న 2,000 వచ్చాయి. అంటే 43 రోజులు ఆ మందు లేదు. ఆ నెలల రిపోర్టుల్లో "మందు అందుబాటులో ఉందా" అన్న గడిలో "ఉంది" అనే రాసి ఉండొచ్చు, ఎందుకంటే నెలలో ఏదో ఒక రోజు ఉంది కదా! స్కిజోఫ్రీనియా ఉన్న మనిషికి 43 రోజులు మందు ఆగితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అప్పుడు ఇంట్లో గొడవ, నిద్రలేని రాత్రులు, అప్పు చేసి కారు మాట్లాడుకుని విశాఖ. ఈ ఖర్చు ఏ ప్రభుత్వ ఖాతాలోనూ పడదు.

అదే పేజీలో ఇంకొకటి చూడండి. నిల్వ తగ్గుతున్నకొద్దీ స్టోర్ మనిషి ఏం చేస్తాడు? 60 మాత్రలు ఇవ్వాల్సిన చోట 20 ఇస్తాడు. పాపం అందరికీ సర్దాలని. రోజుకి రెండు వేసుకునే మనిషికి అవి పది రోజులు. కొండ మీద ఊరి నుంచి వచ్చే మనిషి నెలకి మూడుసార్లు రావాలి, తోడు వచ్చే మనిషి మూడు రోజుల కూలి వదులుకోవాలి. రెండుసార్లు వస్తాడు, మూడోసారి మానేస్తాడు. ఒక రోజు ఇచ్చిన మొత్తం మాత్రల్ని ఆ రోజు మందు తీసుకున్న రోగుల సంఖ్యతో భాగించండి. వచ్చే అంకె నెలనెలా పడిపోతూ ఉంటే సరఫరాలో ఇబ్బంది ఉందని అర్థం, ఎవరూ నోరు విప్పి చెప్పకపోయినా.

లిథియం పేజీకి వేరే అర్థం ఉంది. లిథియం ఇస్తే రక్తంలో ఎంత ఉందో మధ్యమధ్య పరీక్ష చెయ్యాలి, ఎక్కువైతే ప్రమాదం. ఆ పరీక్ష జిల్లాలో లేకపోతే డాక్టరు ఆ మందు రాయడు. మందు కొన్నారు, అలమారలో గడువు తీరిపోయింది. స్టాక్ పేజీలో ఏడాది పొడుగునా నిల్వ కదలకుండా ఉంటే ముందు ల్యాబ్ సంగతి కనుక్కోండి, ఆ తర్వాత డాక్టర్ని తప్పుపట్టొచ్చు.

ఒడిశాలో ఉచిత మందుల పథకం పేరు నిరామయ. 2015 నుంచి ఉంది, మందులు రాష్ట్ర మెడికల్ కార్పొరేషన్ కొంటుంది. కాబట్టి మందు లేకపోవడం జిల్లా తప్పు కాకపోవచ్చు. జిల్లా ఎప్పుడు ఇండెంట్ (మందులు పంపమని కోరే కాగితం) పెట్టింది, పైనుంచి ఎప్పుడు వచ్చింది అన్న రెండు తేదీలు పక్కపక్కన పెడితే ఆలస్యం ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. మరో మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి సీహెచ్‌సీ (బ్లాకు స్థాయి ఆసుపత్రి) నుంచి పైన ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఎల్లవేళలా ఉచితంగా ఉండాలి. "ఎల్లవేళలా" అని చట్టంలోనే ఉంది. జిల్లా ఆసుపత్రిలో ఒక్కచోటే ఉంటే సరిపోదు. కాశీనగర్, గుమ్మ, మోహన సీహెచ్‌సీల స్టాక్ కూడా అడగండి. బ్లాకుల్లో ఒకదాని పేరు కూడా రాయగడే. ఉత్త "రాయగడ సీహెచ్‌సీ" అని రాస్తే ఆ పేరుగల జిల్లాకి మీ కాగితం పోయి నెల రోజులు అక్కడే తిరుగుతుంది. గజపతి జిల్లా, రాయగడ బ్లాకు అని విడమర్చి రాయండి.

ఓపీ లెక్కల గురించి ఎక్కువ చెప్పను. రెండే రెండు చూడండి. ఒకటి, కొత్త రోగులెందరు, పాత రోగులెందరు. మానసిక జబ్బులకి వైద్యం నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి సాగుతుంది. కాబట్టి బాగా నడిచే ఓపీలో ఏళ్లు గడిచేకొద్దీ పాతవాళ్లు పెరగాలి. ప్రతినెలా కొత్తవాళ్లే ఎక్కువుంటే, జనం ఒకసారి వచ్చి మళ్లీ రావడం లేదని అర్థం. రెండోది, జబ్బులవారీ లెక్క. మూర్ఛ రోగులూ తలనొప్పులూ కూడా ఈ ఓపీ అంకెల్లో కలుస్తాయి. వాళ్లకి వైద్యం చెయ్యొద్దని కాదు, మూర్ఛకి మందు దొరకడం ఎంతో మేలు. కానీ "ఈ ఏడాది నాలుగు వేల మందిని చూశాం" అన్నప్పుడు అందులో తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్లు ఎందరో తెలియాలి.

భాష సంగతి ఏ ఫార్మాట్‌లోనూ ఉండదు, అందుకే గట్టిగా చెబుతున్నా. షుగరు వ్యాధిని రక్తపరీక్షతో పట్టొచ్చు, మనసు బాధని మాటతోనే పట్టాలి. గజపతిలో ఒడియా, తెలుగు, గిరిజనుల భాష సవర మూడూ నడుస్తాయి. భువనేశ్వర్ వైపు నుంచి వచ్చిన కౌన్సెలర్ గుమ్మ బ్లాకు సవర ఆడమనిషితో ఏం మాట్లాడతారు? పక్కన నిలబడ్డ ఆశా కార్యకర్త అనువాదం చేస్తుంది. ఊళ్లో మనిషి ఎదురుగా ఉండగా ఎవరైనా ఇంటి గుట్టు చెప్పుకుంటారా? జిల్లా కేంద్రం పర్లాకిమిడిలో ఉంటూనే గిడుగు రామ్మూర్తి పంతులు గారు సవర నేర్చుకుని నిఘంటువు చేశారు. నూరేళ్లు దాటాక ఒక కాంట్రాక్టు కౌన్సెలర్‌ని అంత చెయ్యమనడం అత్యాశే, కానీ నాలుగు ప్రశ్నలు అడగడానికి సరిపడా నేర్పించొచ్చు కదా, శిక్షణ పద్దులో డబ్బు ఉంది. మీరు అడగాల్సింది తేలిక: ఈ కార్యక్రమంలో పనిచేసే ఒక్కొక్కరికి ఏయే భాషలు వచ్చు, ప్రచార సామగ్రి ఏ భాషల్లో ఎన్ని అచ్చు వేశారు. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే భాష ఎంచుకోవచ్చు, తెలుగు ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది, 20 భాషల్లో నడుస్తోంది. నిద్ర పట్టని టెన్షన్‌కి, పరీక్షల భయానికి, చనిపోవాలనిపించే రాత్రికి అది నిజంగా పనికొచ్చేదే, మీ వీధుల్లో ఆ నంబరు రాయించండి. మందు మాత్రం ఫోన్‌లోంచి రాదు. ఆ సర్వీసుకి కూడా 2023-24లో 134 కోట్లు పెట్టినవాళ్లు 2024-25లో 90 కోట్లకి దించారు.

ఇక మీరు విశాఖ అన్నారు కదా, అసలు చిక్కు అక్కడుంది. పర్లాకిమిడి దాటితే ఆంధ్రాలోని పాతపట్నం. ఇటువాళ్లకి శ్రీకాకుళం దగ్గర, విశాఖ అలవాటు. విశాఖలోని చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరు మన ఇళ్లల్లో తాతల కాలం నుంచి తెలుసు, పైగా అక్కడ అందరూ తెలుగే మాట్లాడతారు. వెళ్లడం తప్పు కాదు. కానీ అటు వెళ్లిన ప్రతి మనిషీ గజపతి రిజిస్టర్లో లేనట్టే. ఆయన చికిత్స ఆంధ్రా లెక్కలో పడుతుంది, ప్రైవేటుకి వెళ్తే ఎవరి లెక్కలోనూ పడదు. ఇక్కడ ఓపీ అంకె తక్కువ కనిపిస్తుంది. అంకె తక్కువుంటే వచ్చే ఏడు ప్రణాళికలో "అవసరం తక్కువ" అని మందులు తక్కువ అడుగుతారు. మందులు తక్కువైతే ఇంకొందరు విశాఖ బస్సెక్కుతారు. మూకుడు చిన్నదని పిండి తగ్గించినట్టు, పిండి తగ్గిందని ఇంకా చిన్న మూకుడు కొన్నట్టు! సరిహద్దు జిల్లాల్లో నిధుల్ని తూచేటప్పుడు ఈ సంగతి పట్టించుకోని ఏ రిపోర్టయినా సగమే నిజం.

దీన్ని ఎలా కొలవాలి? ప్రభుత్వ కాగితాల్లో దొరకదు, మీరే తెలుసుకోవాలి. రెండు చోట్లు చెబుతాను. మొదటిది మందుల షాపు. మీ టౌన్లో నాలుగైదు షాపుల వాళ్లతో మాట్లాడండి, పేర్లు వద్దు, అంకెలే చాలు. నెలకి ఎందరు మానసిక జబ్బుల మందు చీటీలు తెస్తారు, అందులో ఆంధ్రా డాక్టర్ల చీటీలు సుమారు ఎన్ని? షాపు యజమానికి ఇది నోటికి వచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇవ్వాల్సిన మందే షాపులో కొంటున్నారంటే, పైన చెప్పిన 43 రోజులకి రుజువు అక్కడ దొరికినట్టే. రెండోది ఇళ్లు. ఇక్కడ చాలా జాగ్రత్త. ఇంటింటికీ వెళ్లి "మీ ఇంట్లో మానసిక రోగులున్నారా" అని అడిగారంటే మీ సంఘం మొహం మళ్లీ ఎవరూ చూడరు, చూడకూడదు కూడా. తన జబ్బు సంగతి గోప్యంగా ఉంచుకునే హక్కు రోగికి ఆ 2017 చట్టంలోనే ఉంది. ఆశా కార్యకర్త ద్వారా, ముందుకొచ్చి మాట్లాడతామన్న కుటుంబాలతో మాత్రమే, పేరు రాసుకోకుండా మాట్లాడండి. మొదట ఎక్కడికి వెళ్లారు, గుణియా (ఊళ్లో మంత్రం వేసే వైద్యుడు) దగ్గరికా, గుడికా, ఆసుపత్రికా? ఎన్నాళ్లకి డాక్టర్ని చూశారు? పోయిన ఏడాది బస్సులకి, మందులకి, పోయిన కూలికి ఎంతయింది? మధ్యలో మందు ఆగిందా, ఎందుకు? గుణియా మాట వస్తే మొహం చిట్లించకండి. ఆయన ఊళ్లోనే ఉంటాడు, వాళ్ల భాషలో మాట్లాడతాడు, రాత్రి పిలిచినా వస్తాడు. ఆసుపత్రి కూడా అలా ఉంటే మీరు ఈ ప్రశ్న అడగాల్సిన పనే లేకపోను.

మహారాష్ట్ర వైపు తెలుగువాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు, వాళ్ల కోసం రెండు మాటలు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వాళ్లు నాందేడ్ జిల్లా కాబట్టి, రైతు ఆత్మహత్యలున్న 14 జిల్లాల కోసం 2015లో పెట్టిన మానసిక ఆరోగ్య పథకం ప్రేరణా ప్రకల్ప్ కూడా వాళ్ల దగ్గర ఉంటుంది, ఆ పద్దు వేరుగా అడగాలి. సిరొంచ వాళ్లది గడ్చిరోలి, అది ఆ 14లో లేదు. జిల్లా కేంద్రం వాళ్లకి చాలా దూరం, నది దాటితే తెలంగాణ. గజపతి గురించి చెప్పిన రిజిస్టర్ సమస్య వాళ్లకి రెట్టింపు. మహారాష్ట్రలో సమాచార హక్కు దరఖాస్తు ఒక్క విషయం మీదే, 150 మాటల్లోపు ఉండాలి. కాబట్టి మందులకి ఒకటి, నిధులకి ఒకటి, పోస్టులకి ఒకటి విడివిడిగా పెట్టుకోవాలి.

ఒడిశాలో పద్ధతి వేరు. ఫారం-ఎ నింపాలి, గుర్తింపు కార్డు నకలు జత చెయ్యాలి, ఫీజు పది రూపాయలు. తెలుగులో రాస్తే తీసుకోరు, చట్టం ప్రకారం ఇంగ్లీషు, హిందీ లేదా ఆ ప్రాంతపు అధికార భాష, అంటే ఒడియా. ఒడియాలో పెట్టడమే మేలని నా అభిప్రాయం, జవాబిచ్చే గుమస్తాకి తేలిక. "ఎందుకు", "ఎలా", "న్యాయమా" అని అడగకండి. వాళ్ల దగ్గర ఉన్న కాగితం నకలే అడగాలి. కొత్తగా లెక్క వేసి ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లకి లేదు. స్టాక్ రిజిస్టర్ పేజీల నకళ్లు, మంజూరైన పోస్టులు, భర్తీ అయిన పోస్టులు, ఖాళీ అయిన తేదీలు, పద్దులవారీ నెలవారీ ఖర్చు పత్రం, పంపిన నెలవారీ రిపోర్టులు, బ్లాకులకి టీమ్ వెళ్లిన తేదీలతో బండి లాగ్‌బుక్. ఈ లాగ్‌బుక్‌ని తేలిగ్గా తీసుకోకండి. మోహనలో నెలకోసారి ఓపీ అని రిపోర్టులో ఉండి, లాగ్‌బుక్‌లో బండి మోహన వైపే వెళ్లకపోతే ఇంకేం అడగక్కర్లేదు. నకళ్లు ఎక్కువైతే పేజీకింత డబ్బు పడుతుంది. అప్పుడు రికార్డుల్ని వెళ్లి చూసే హక్కు వాడుకోండి, అదీ అదే చట్టంలో ఉంది. పేర్లున్న కాగితమైతే పేర్లు కొట్టేసి ఇమ్మనండి, పదో సెక్షన్ దానికే. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు.

వచ్చినవాటిని ఎప్పుడు, ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. ప్రణాళికలు ఇప్పుడు రెండేళ్లకోసారి తయారవుతున్నాయి, 2022-24, 2024-26 అలా. జిల్లా నుంచి ప్రతిపాదనలు చలికాలంలో పైకి వెళ్తాయి. మీ రెండు పేజీల నోటు అక్టోబరు, నవంబరులోపు కలెక్టరుకి, జిల్లా ముఖ్య వైద్యాధికారికి, రోగి కల్యాణ సమితికి (ఆసుపత్రి నిర్వహణ కమిటీకి) చేరాలి. మార్చిలో ఇస్తే ఫైల్లో పడుంటుంది. నోటులో ఆరోపణలు వద్దు. "ఇన్ని రోజులు ఈ మందు లేదు, సరిహద్దు దాటి వెళ్లే కుటుంబాలు ఇన్ని, ఇండెంట్ ఇంత పెంచాలి" అంటే చాలు. నిజం చెప్పాలంటే చాలా జిల్లాల్లో మానసిక ఆరోగ్యం చూసే అధికారే మీ నోటు చూసి సంతోషిస్తాడు, పైకి అడగడానికి ఆయన చేతిలోనూ ఆధారం ఉండదు. పోస్టుల ఖాళీల మీద గట్టిగా అడగడానికి చట్టంలో ఇంకో ఆధారం ఉంది. జనాభాకి తగ్గ మానసిక వైద్య సిబ్బందిని చట్టం అమల్లోకి వచ్చిన పదేళ్లలో సమకూర్చేందుకు ప్రభుత్వాలు కృషి చెయ్యాలని 31వ సెక్షన్ చెబుతోంది. అమల్లోకి వచ్చింది 2018 మే 29న. గడువు 2028 మేతో తీరుతుంది.

దరఖాస్తు సంఘం లెటర్‌హెడ్ మీద పెట్టొచ్చా అని కూడా అడిగారు. వద్దు. సమాచార హక్కు పౌరుడిది, సంఘానిది కాదని తిప్పి పంపే వీలుంది. సభ్యుల్లో ఒకరి పేరు మీద పెట్టండి. ఆ ఒక్కరు మాత్రం ఇంట్లో రోగి ఉన్నవాళ్లు కాకుండా చూసుకోండి. చిన్న టౌన్, రేపు ఆ ఇంటివాళ్లు అదే కిటికీ దగ్గర మందుల కోసం నిలబడాలి.